తీసి పెట్టుకునే గడప

షోరూం కుర్రాడు అన్నీ చెప్పేడు.
ఒక చార్జింగుకి ఎన్ని కిలోమీటర్లు,
ముందు పెట్టెలో ఎంత బరువు, వెనక ట్రాలీలో ఎంత,
నెలకెంత, ఎన్ని నెలలు.
రాత్రి ఇది ఎక్కడ పడుకుంటుందీ అని
అతనూ అనలేదు, నేనూ అడగలేదు.

మొదటి రాత్రి సందులోనే
కరెంటు స్తంభానికి గేదె గొలుసుతో కట్టీసేం.
నాలుగుసార్లు లేచేను.
తెల్లారి చూస్తే అద్దం లేదు.
పెట్టెలో కూకుని పక్కింటి మేక
నావేపు చూసింది, బండి తనదే అన్నట్టు.

ఇంట్లోకి తోసీద్దామంటే
గుమ్మం పట్టింది, వేలెడు సందుతో.
గడపే పట్టనివ్వలేదు.
అయిదంగుళాల మద్దిచెక్క, మా మామ చెక్కించింది.
పెట్టె కడుపు దానిమీద ఆనీసి
ముందుకీ పోదు, వెనక్కీ రాదు.
అవతల నెల్లిమర్ల మిల్లు గేటుకి
ముప్పైఎనిమిది కేరియర్లు
పన్నెండున్నరకి చేరాల.

తాపీ గౌరినాయుడు చూసి, బీడీ ఆర్పి,
"కోసీడవే" అన్నాడు.
మా అత్త అప్పలనరసమ్మ గడపమీద కూకుండిపోయింది.
"కోస్తే ముందు నన్ను కోసీండి.
గడప నేని కొంప కొంపేటి?"
మూడ్రోజులు.
కంచం అక్కడికే తెప్పించుకుంది.
నాలుగోరోజు తనే లేచి, నడుం పట్టుకుని,
"తీసి ఎట్టుకునీలాగ సెయ్యనేవేట్రా నాయుడూ?
తెల్లారి తీసినా మల్లీ ఎడతామని
లచ్చిందేవికి తెల్దేటి?"

అలా వచ్చింది మా ఇంటికి
రెండు చివర్లా ఇనప కొక్కేలున్న గడప.

బండి వాయిదాలు ఇంకా పదకొండు.
ముందుచక్రం మనదైపోయింది, వెనకది బ్యాంకుదని
మా ఆయన లింగం అందరికీ చెప్తాడు.
సీటు కూడా తుడుస్తాడు. అంతవరకే.

మిగతావి నాకు తెలుసు.
బ్యాటరీకి రోజూ పీకలదాకా పెట్టకూడదు,
పస్తు పడుకోబెట్టకూడదు.
మే నెల ఎండలో వదిలేస్తే ఉడికిపోద్ది,
మోసుకొచ్చి బియ్యం డబ్బా పక్కన పెట్టాల,
పొయ్యికి దూరంగా.
ఓసారి అత్త జాలిపడి తడిగుడ్డ కప్పబోయింది.
నా కేకకి వీధి వీధంతా వచ్చీసింది.
బ్రేకు కీచుమంటే వాన.
గరగరమంటే అరిగిపోయినట్టు.
చైనుకి కుట్టుమిషను నూనె పొయ్యకూడదని
చైను పాడయ్యేక తెలిసింది.

ట్రాలీ రాత్రి గోడకి నిలువునా నిలబడతాది.
దాని చక్రాలు మా మంచం కింద.
మా ఆడపడుచు ఝాన్సీ అరటిగెలలకని అడిగితే ఇచ్చేను.
ట్రాలీ వచ్చింది, కొండీ చీల రాలేదు.
వేలెడు చీల. అది లేకపోతే
బండి నాతో వస్తాది, అన్నాలు రోడ్డుమీద ఉండిపోతాయి.
తెల్లారి ఆరింటికి ఎవడు కొట్టు తెరుస్తాడు?
అత్త పాత ట్రంకుపెట్టె అడుగంతా కెలికి
వెనకింటి తలుపు గడియ చీల తెచ్చింది,
తుప్పు చీరచెంగుతో తుడిచి.
"నలబై ఏళ్లు దొంగల్ని ఆపింది,
ఈ బండీని ఆపనేదేటి?"
ఇప్పటికీ అదే. కొత్తది కొన్నాను,
డబ్బాలోంచి తియ్యలేదు.

శుక్రవారం గడపకి పసుపు.
ఇదివరకు వంగి రాసేది, మోకాళ్లు తిట్టుకుంటూ.
ఇప్పుడు గడపని ఒళ్లో పడుకోబెట్టుకుని రాస్తాది,
చంటిపిల్లకి నలుగు పెట్టినట్టు,
ఇటు తిప్పి, అటు తిప్పి.
బొట్లు పెట్టేక కాసేపు అలాగే కూకుంటాది,
ఆరడానికంటాది.

సాయంత్రం ఖాళీ కేరియర్లు గలగలమంటూ
సందు మలుపు తిరుగుతాను.
బెల్లు కొట్టే పనిలేదు.
లోపల కొక్కెం ఊడిన చప్పుడు.